అమ్మ వేలిముద్ర పడటం లేదు: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ వచ్చి కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు ఒక్కచోటే కట్టొచ్చంటే సంబరపడ్డాం. 2011లో మీసేవ వచ్చాక కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది. కాదనను.

కానీ మా అమ్మ సంగతి వినండి. నలభై ఏళ్లు నాట్లేసి, కలుపు తీసిన చేతులు ఆమెవి. మొన్న పింఛనుకు వెళ్తే వేలిముద్ర పడలేదు. అక్కడి కుర్రాడు వేలు తుడవమన్నాడు, కొబ్బరినూనె రాయమన్నాడు, మళ్లీ తుడవమన్నాడు. ఐదోసారీ మిషన్ ఒప్పుకోలేదు. "రేపు రా మామ్మా" అన్నాడు. రేపటికి కొత్త గీతలు మొలుస్తాయా? ఓటీపీ అందామా, అది ఎప్పుడో పోయిన పాత నంబరుకి వెళ్తుంది.

ఆధార్‌లో కనుపాప, ముఖం గుర్తింపు కూడా ఉన్నాయి కదా! పింఛను ఇచ్చే ప్రతి కేంద్రంలో కనుపాప స్కానర్ ఒకటి పెట్టించండి. అదీ పనిచేయకపోతే రిజిస్టర్‌లో సంతకం తీసుకుని డబ్బు ఇచ్చే అధికారం అక్కడున్నవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను, అతని చేతిలో ఏమీ లేదు.

ఒకటో తారీఖున అమ్మ మళ్లీ వెళ్తుంది.

ఇట్లు,
ఓ కూలీ తల్లి కొడుకు