‘లేదా’ అన్న మాట ఉందేమో చూడమను

చిన్నా,

తాగి బండి నడిపిన (డీయూఐ) కేసులో నీ రూమ్మేట్‌కి వచ్చిన కోర్టు కాగితం ఫొటో పెద్దది చేసుకుని చదివాను. ఆరు నెలలు, వారానికి రెండు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవాళ్ళ బృందం) మీటింగులు, హాజరు కార్డు మీద సంతకాలు. రోజూ హనుమాన్ చాలీసా చదువుకునే పిల్లాడు, మీటింగు చివర అందరితో చేతులు కలిపి పరలోక ప్రార్థన చెప్పలేక వెళ్ళడం మానేస్తానంటున్నాడని రాశావు. ముందు ఆ మానేయడం వద్దని చెప్పు. మానేస్తే అది ప్రొబేషన్ ఉల్లంఘన, అంటే జైలు బదులు కోర్టు పెట్టిన షరతుల్ని తప్పడం. అప్పుడు జడ్జి అడిగేది ఒక్కటే, వెళ్ళావా లేదా అని. మతం మాట అక్కడ ఎత్తితే తప్పించుకోడానికి చెప్పే సాకులా వినిపిస్తుంది.

అభ్యంతరంలో మాత్రం బలం ఉంది. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ప్రకారం ప్రభుత్వం ఎవరినీ మతపరమైన కార్యక్రమంలోకి బలవంతంగా నెట్టకూడదు. 1996లో 7వ సర్క్యూట్ కోర్టు (సర్క్యూట్లంటే కొన్నేసి రాష్ట్రాలకు ఒకటిగా ఉండే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టులు), కెర్ వర్సెస్ ఫారీ అనే విస్కాన్సిన్ జైలు కేసులో, మూడు ప్రశ్నలు వేసుకుంది. చేసింది ప్రభుత్వమేనా? అది బలవంతమేనా? నెట్టింది మతంలోకేనా? మీవాడి విషయంలో మొదటి రెండింటికీ ఆ కాగితమే జవాబు. వెళ్ళకపోతే జైలు అన్నప్పుడు అది బలవంతం కాకపోతే ఇంకేమిటి?

మూడో దాని దగ్గరే అందరూ తడబడతారు. ‘ఇది మతం కాదు, ఆధ్యాత్మికం. దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకోవచ్చు’ అంటారు. ఏఏ వాళ్ళు పాటించే సూత్రాలు, ‘పన్నెండు మెట్లు’, తీసి చదువు. 3, 5, 6, 7, 11 మెట్లలో దేవుడి పేరో, ‘ఆయన’ అన్న మాటో ఉంది. రెండో మెట్టులో మనకన్నా గొప్ప శక్తి ఉంది. పదకొండోది నేరుగా ప్రార్థన గురించే. ఆ దేవుణ్ణి ఒకరు అల్లా అన్నా, మరొకరు యెహోవా అన్నా, మెట్లన్నీ ఒకే దేవుడి భావన మీదే నిలబడ్డాయని కెర్ తీర్పు తేల్చింది. కాబట్టి ఈ అభ్యంతరం నాస్తికులకే అనుకోకు. 2007 నాటి ఇనౌయే కేసులో ఇలాగే అభ్యంతరం చెప్పిన, పెరోల్ మీద (షరతులతో జైలు నుంచి ముందే విడుదలై) ఉన్న మనిషి బౌద్ధుడు, హవాయివాడు. అది 9వ సర్క్యూట్ తీర్పు. మీ కాలిఫోర్నియా దాని కిందికే వస్తుంది. ఈ విషయంలో చట్టం అప్పటికే స్పష్టంగా ఉందని, తెలియదనడం పెరోల్ అధికారికి రక్షణ కాదని అందులో చెప్పారు. సుప్రీంకోర్టు నేరుగా తీర్పు చెప్పలేదు గానీ మీ రాష్ట్రంలో ఈ తీర్పుకి గట్టి విలువ ఉంది.

ఇక రెండో వైపు. ఏఏ పేరు ఉన్నంత మాత్రాన ఆదేశం చెల్లకుండా పోదు, వేరే దారి లేకపోతేనే చిక్కు. ఇక్కడో తమాషా ఉంది. న్యూయార్క్‌లోని ఆరెంజ్ కౌంటీ 1996లో వార్నర్ కేసులో ఓడిపోయింది. తాగి బండి నడిపినతన్ని వేరే దారి చూపకుండా ఏఏకి పంపింది. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ 1994లో గెలిచింది. మతంతో పనిలేని కార్యక్రమాన్నీ ఎంచుకోనిచ్చింది కాబట్టి. అందుకే కాగితంలో ‘ఏఏ’ ఒక్కటే ఉందా, ‘ఏఏ లేదా తత్సమాన స్వయంసహాయక కార్యక్రమం’ అని ఉందా చూడమంటున్నాను. నువ్వు పంపిన ఫొటోలో రెండో పేజీ కింది అంచు తెగిపోయింది. ‘లేదా’ ఉంటే కోర్టుకి వెళ్ళే పనే లేదు.

లేకపోతే, తన లాయర్ చేత షరతు మార్చమని కోర్టుకి దరఖాస్తు పెట్టించాలి. కాలిఫోర్నియాలో ప్రొబేషన్ షరతుల్ని మధ్యలో మార్చే అధికారం కోర్టుకుంది, శిక్షాస్మృతి 1203.3 సెక్షన్ అదే. మొదటిసారి డీయూఐ అయితే సాధారణంగా ప్రొబేషన్ ఆఫీసర్ ఉండడు, కోర్టుకే జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఫోన్‌లో ఎవరికో చెప్పి ఊరుకుంటే లెక్కలోకి రాదు. రాతలో రెండే ముక్కలు చాలు: నా మత విశ్వాసం వల్ల ఈ కార్యక్రమంలో పాల్గొనలేను, దాని బదులు ఫలానా చోట, అన్నే గంటలు, అదే హాజరు రుజువుతో చేస్తాను. ఆ రెండో ముక్క లేకుండా దరఖాస్తు పెట్టొద్దు. జడ్జికి కావలసింది తాగుడు మానే ఏర్పాటు, అది చేతిలో పెట్టాలి. స్మార్ట్ రికవరీ, లైఫ్‌రింగ్ అని తాగుడు మానేవాళ్ళ బృందాలున్నాయి, రెండూ దేవుడి ప్రస్తావన లేనివే. హాజరు రుజువు ఏ రూపంలో ఇస్తారో వాళ్ళని ముందే అడిగి దరఖాస్తుకి జతచేయాలి.

ఆదేశం మారేదాకా మీటింగులకు వెళ్ళాల్సిందే. అభ్యంతరం రాసిచ్చి వెళ్ళాలి. వార్నర్ శిక్ష వేసినప్పుడు నోరెత్తలేదు, ఒప్పుకున్నట్టే కదా అని కౌంటీ వాదించింది. చివరికి అతను గెలిచాడు గానీ, ఆ మౌనం వల్ల కేసు మళ్ళీ కింది కోర్టుకి వెళ్ళొచ్చింది. దక్కిన పరిహారం ఒక్క డాలరు. 2013లో హేజిల్ కేసు వేరు. అభ్యంతరం చెప్పినందుకు వంద రోజులకు పైగా జైల్లో పెట్టారు, పరిహారం ఇచ్చితీరాలని 9వ సర్క్యూట్ అంది, మరుసటేడు 19 లక్షల డాలర్ల పైచిలుకుకి రాజీ అయింది. అతను ముందునుంచీ చెబుతూనే ఉన్నాడు.

కార్డు మీద స్నేహితుల చేత సంతకాలు పెట్టించడం అస్సలు వద్దు, అది వేరే నేరమవుతుంది. 30 గంటల డీయూఐ తరగతులతో కూడా దీన్ని కలపొద్దు. అవి ట్రాఫిక్, ఆరోగ్యం చదువులు, మతం కిందికి రావు. పరీక్షలు, కౌన్సెలింగ్ కూడా అంతే.

వీసా మాట వేరే. డీయూఐ అరెస్టు ఒక్కదాని మీదే కాన్సులేట్ వీసా రద్దు చేయగలదు. తాను ఆల్కహాలిక్‌నని ఏ ఫారం మీదైనా రాసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమను.

రెండో పేజీ మళ్ళీ ఫొటో తీసి పంపు, ఈసారి కింది అంచు దాకా. అతని కారు తాళాలు అన్నాళ్ళూ నీ దగ్గరే ఉంచుకో.

అమ్మ