గడ్డి కోసం పద్మనాభం దాకా

విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరానికి మూడు నెలలుగా జవాబు రాయలేదు, ఎంత తిట్టినా పడతాను. అమ్మ మోకాలు అలాగే ఉంది, చిన్నదాని పరీక్షలు అయ్యాయి, అద్దె మళ్లీ పెరిగింది. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా బాల్కనీకి పిచ్చుకలు వస్తున్నాయి. వాటిని చూసి అమ్మ, పిచ్చుకల కోసం వరికంకులతో అల్లి తాతయ్య వసారాలో వేలాడదీసే వరికుచ్చు మాట ఎత్తింది. "అదెంత పని, నేను అల్లేస్తాను" అనేశాను. కొత్తవలస స్టేషనులో నువ్వు చేసిన శపథం లాంటిదే, నవ్వకు.

మొదట పశువుల గడ్డి అమ్మేచోట ఒక మోపు కొన్నాను. విప్పితే అన్నీ మూరెడు లేని ముక్కలు! యంత్రం కోసిన గడ్డి మరి. గింజలు అందులోనే రాలిపోతాయి, కాడలు నలిగి చీలిపోతాయి. తడిపి మెలిపెడితే చేతిలో పొట్టు మిగిలింది. "ఇది పిచ్చుకలకా, ఆవుకా?" అంది అమ్మ.

ఇక రోషం వచ్చి ఈ ఉదయం పద్మనాభం బస్సెక్కాను. 1794లో విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగిన ఊరది. నేను వెళ్లింది గడ్డిపోచల కోసం. అక్కడ కొడవలితో కోస్తున్న ఒక మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "గడ్డికొచ్చావా, కంకికొచ్చావా బాబూ?" అంది. రెండూ ఒకటే అనుకున్నాను రా!

చేలో ఎక్కువ భాగం స్వర్ణ. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పొట్టి రకం. గాలికి పడిపోదు, బాగా పండుతుంది, కానీ కుచ్చుకు కావలసిన పొడవు రాదు. గట్టు పక్కన ఇంటి కోసం వేసుకున్న ఒక పొడుగు నాటు రకం చూపించింది మామ్మ. పూర్తిగా పండితే ముట్టుకోగానే రాలుతుందట, అప్పుడు చీమలకే పండగ. కాడలో కాస్త పచ్చదనం ఉండగానే కోయాలి. కంకి నుంచి మొదటి కణుపు దాకా ఉన్న కాడే పనికొస్తుంది, కణుపు దగ్గర వంచితే విరుగుతుంది. ఒక్కో కాడనూ వేళ్ల మధ్య జారవిడిచి, వానకు నల్లబడినవాటిని అవతల పారేసింది. నాకు బంగారంలా కనిపించిన గుప్పెడు కూడా అందులో పోయింది! డబ్బు ఇవ్వబోతే కసురుకుంది. మనసు ఎలాగో అయింది, తాతయ్య కూడా అలాగే... సరే, అది మళ్లీ రాస్తాను.

బస్టాపులో మేక వచ్చి నాలుగు కంకులు లాగేసింది. నీ పెళ్లిలో అరటిగెల గతే! ఈసారి మాత్రం నేను కాపలా ఉన్నాను, నీ బావమరిదికి చెప్పు.

ఈరోజే అల్లితే తడపక్కర్లేదట. ఆరిపోతే నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి మెత్తబడ్డాక అల్లాలట. ఇంతసేపూ నీకు రాస్తూ కూర్చున్నాను, కట్ట ఫ్యాను కిందే ఉంది! అమ్మ పిలుస్తోంది, ఉంటాను రా.

నీ
రాంబాబు