రెజిన్ పోసేముందు పూలు ఎండాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు, ‘మీ పెళ్లిదండ జీవితాంతం చెక్కుచెదరదు’ అంటూ ఫోన్లలో ఒకటే ప్రకటనలు. ధవళేశ్వరంలో ఇంటి దగ్గరే ఈ రెజిన్ పని, అంటే ఎండిన పూల మీద గట్టిపడే పారదర్శక ద్రవం పోసి ఫ్రేములు, లాకెట్లు చేసే పని, చేసుకుంటున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ మాట నమ్మి డబ్బు కట్టేయకండి. పువ్వు నిలవడమంతా ముందు ఎండబెట్టడంలోనే ఉంది. తడి మిగిలితే లోపలే చిక్కుకుపోయి, కొన్నాళ్లకు రేకులు గోధుమరంగుకు తిరుగుతాయి. రెజిన్ గట్టిపడ్డాక ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

మాఘమాసంలో ఒకావిడ కూతురి పెళ్లిదండ తెచ్చారు. పెళ్లయి వారం దాటింది. దండ పాలిథిన్ కవర్లో, మూతి బిగించి ఉంది. లిల్లీలు నల్లబడ్డాయి, కాడల దగ్గర తెల్లగా బూజు. దారం విప్పుతుంటే రేకులు వేళ్లకు అంటుకొచ్చాయి. ముందు అడిగినచోట ‘ఎప్పుడు తెచ్చినా ఫర్వాలేదు’ అన్నారట. పాపం, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. బాగున్న నాలుగు చామంతి రేకులు ఏరి లాకెట్ చేసిచ్చాను, అంతకుమించి కుదరలేదు.

పెళ్లివారికి నా మనవి. దండ తీసిన రాత్రే కాగితంలో వదులుగా చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. మర్నాడే ఇచ్చేయండి. మేం ఒక్కో పువ్వూ విడదీసి తడి పీల్చే సిలికా జెల్‌లో పూడ్చిపెడతాం. అందులోని నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే తడి పీల్చేశాయని లెక్క, వాటిని మార్చాలి. లిల్లీకి కండ ఎక్కువ, ఆలస్యంగా ఎండుతుంది. పసుపు చామంతి రంగు బాగా నిలుస్తుంది. ఎర్రగులాబీ ముదురు మెరూన్ అవుతుంది. మల్లె మాత్రం తెల్లగా ఉండనే ఉండదు. రెజిన్ కూడా ఎండ తగిలితే పసుపెక్కుతుంది కాబట్టి ఫ్రేమును కిటికీ ఎదుట తగిలించకండి. ఇవన్నీ అడ్వాన్సు తీసుకునేముందే చెప్పడం మా తయారీదార్ల బాధ్యత.

ఇక ఈ పని నేర్పే తీరు చూస్తే భయమేస్తోంది. అచ్చులో పోయడం చూపించి సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తున్నారు. రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ తూకం తప్పితే జిగట వదలదు, ఒకేసారి మందంగా పోస్తే సలసల వేడెక్కుతుంది. గట్టిపడని రెజిన్ చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుంటే మళ్లీ ఆ పని చేయలేం. అయినా చాలామంది ఆడపిల్లలు గ్లౌజులు లేకుండా వంటగదిలోనే పోస్తున్నారు, పక్కన పసిపిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

కడియపులంక పూల మార్కెట్ మాకు దగ్గరే. ధర పడిపోయిన రోజు మంచి చామంతులు కూడా పారబోయాల్సి వస్తోంది. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారు పూలు ఎండబెట్టే పద్ధతులపై మా వైపు డ్వాక్రా మహిళలకు తరగతులు పెట్టాలని కోరుతున్నాను. గ్లౌజులు, మాస్కు, గాలి ఆడే గది గురించి మొదటిరోజే చెప్పించండి.

– ఒక గృహిణి, ధవళేశ్వరం