మనిషి కణం చెప్పగలిగినది కుందేలును ఎందుకు అడగాలి?

సంపాదకులు గారికి,

ముప్పై ఏళ్లు ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) పాఠాలు చెప్పినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో సెలైన్ పరీక్ష చూశాను. మూడు కుందేళ్లను మెడ దగ్గర బిగించి, మలద్వారంలో థర్మామీటరు అమర్చి, చెవి అంచు సిరలోకి ద్రావణం ఎక్కించి, జ్వరం వస్తుందేమోనని మూడు గంటలపాటు చూశారు. కుందేలు అరవలేదు. చెవులు వెనక్కి వాల్చి వేగంగా ఊపిరి తీసుకుంటూ ఉండిపోయింది. ఇదే పనికి మనిషి రక్తకణాలతో గాజు గొట్టంలో చేసే పరీక్ష ఇప్పుడు ఉంది. మనిషికి జ్వరం తెప్పించే పదార్థాన్ని మనిషి కణాలే పట్టి ఇస్తాయి.

జంతువుల మీద పరీక్షలన్నీ వ్యర్థమని నేను అనడం లేదు. 1937లో అమెరికాలో ఏ విష పరీక్షా చేయకుండా అమ్మిన సల్ఫనిలమైడ్ అనే మందు ద్రావణం వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఇన్సులిన్ కుక్కల మీద చేసిన ప్రయోగాల నుంచే వచ్చింది. ఆ రుణం కాదనలేనిది. కానీ జంతువు పాసైతే మనిషికి క్షేమమన్న నమ్మకం ఎన్నోసార్లు దెబ్బతింది. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును, కోతుల్లో క్షేమమని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. కొద్ది గంటల్లోనే ఆరుగురూ ప్రాణాపాయంలో పడ్డారు. ఆ మందు పట్టుకునే గ్రాహకం (కణం మీద మందు అతుక్కునే చోటు) మనిషి రోగనిరోధక కణాల్లో ఒక రకం మీద ఉండి, కోతుల్లోని అదే రకం కణాల మీద లేకపోవడమే అందుకు ముఖ్య కారణమని తర్వాత తేలింది.

మన కేంద్ర ప్రభుత్వం 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను 2023 మార్చిలో సవరించి, కణజాల పరీక్షలను, అవయవ చిప్‌లను (మనిషి కణాలతో అవయవం పనితీరును అనుకరించే చిన్న పరికరాలను) జంతువులకు బదులుగా గానీ, జంతువులతో పాటు గానీ వాడుకోవచ్చని ఒప్పుకుంది. మంచి సవరణే, కానీ అది అనుమతి దగ్గరే ఆగిపోయింది. రుజువైన ప్రత్యామ్నాయం ఉన్నచోట జంతువును ఎందుకు వాడవలసి వచ్చిందో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు అందులో చేర్చాలి. కొత్త పద్ధతులు నిజంగా మనిషి శరీరంలో జరిగేదాన్నే చూపుతున్నాయా అని తేల్చే పనికి, హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వంటి సంస్థలకు ఏటా స్థిరమైన నిధులు ఇవ్వాలి. ఔషధ పరిశ్రమకు పేరుపడ్డ నగరం నుంచి ఈ అడుగు పడాలని మన ప్రజాప్రతినిధులు పార్లమెంటులో అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, హైదరాబాదు