ఉగాది చున్నీల నీలం గురించి

ఉగాదికి మీకు పంపిన నలభై చున్నీల్లో తొమ్మిదింటి రంగు అంటుకుంటోందని ఫోన్లు వచ్చాయి. కడపలోనే ఉండే ఒక అక్క తెల్ల జాకెట్ తెచ్చి, భుజం మీద నీలం మరక చూపించారు. తప్పు నాదే. ఎలా జరిగిందో చెప్తాను.

నీలిమందు నీళ్లలో కరగదు. సున్నం, బెల్లం వేసి తొట్టిలో నానబెడితే పైన రాగి మెరుపు పొర కట్టి, కింద నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. అప్పుడే రంగు నూలులోకి దిగుతుంది. గుడ్డ బయటికి తీయగానే గాలి తగిలి ఆకుపచ్చై, చూస్తుండగానే నీలమవుతుంది. ఎన్నేళ్లు చేసినా ఆ కాసేపు నేను పక్కకు కదలను. ఇలా ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచితే గానీ ముదురు నీలం నిలవదు.

పండగ టెన్షన్‌లో తొట్టి నీళ్లు నీలంగా తిరిగాయని చూసి కూడా మళ్లీ బెల్లం వేసి, పసుపుపచ్చగా మారేదాకా ఆగలేదు. పైగా ఇవి జపాన్ షిబోరీ పద్ధతిలో మడిచి, చెక్కల మధ్య బిగించిన చున్నీలు. మడతల్లోకి గాలి వెళ్లాలంటే ముంచిన ప్రతిసారీ వేళ్లతో విడదీయాలి. అదీ సరిగా చేయలేదు. కరగని రంగు పైపైనే కూర్చుంది.

రెండు చున్నీలు వెలవెలబోయాయి, దానికి కారణం వేరు. ఈ చున్నీలు పాత పంచెలతో చేస్తాను. వాటిని కొనేటప్పుడు ఒక పోగు లాగి కాలుస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. పాలిస్టర్‌కు ఈ నీలం పట్టదు. ఒక మూట చూడకుండా కొన్నాను.

ఫ్యాక్టరీలో చేసిన ప్యాకెట్ నీలిమందు వాడొచ్చు కదా అని ఒకరు అడిగారు. ఒకప్పుడు మన కడప, కర్నూలు జిల్లాల్లో నీలి మొక్క పండేది. 1897లో జర్మనీ నుంచి ఫ్యాక్టరీ నీలం మార్కెట్‌కు వచ్చాక మన దేశంలో ఆ సాగు పడిపోయింది. ఆకు నీలంలోనూ ఫ్యాక్టరీ నీలంలోనూ రంగునిచ్చే పదార్థం ఒకటే, తొందరపడితే ఫ్యాక్టరీదీ అంటుతుంది. నేను ఆకు నుంచి తీసిన నీలాన్నే వాడతాను.

రంగు అంటుతున్న చున్నీలు వెనక్కి పంపండి, పోస్టు ఖర్చు నాది. ఉతికి, కొత్త తొట్టిలో మళ్లీ ముంచి పంపిస్తాను. వద్దనుకుంటే డబ్బు తిరిగి ఇస్తాను. వెలిసిన ఆ రెండింటికి మాత్రం డబ్బే ఇస్తాను, అవి బాగుపడవు. ఇకపై వారానికి ఆరు చున్నీలే చేస్తాను. ఇప్పుడు ఆర్డర్ ఇస్తే నెలన్నర పడుతుంది.