పదాంగ్ బెసార్‌లో దిగగానే గడియారం తిప్పుకో

అమ్మలూ,

నువ్వూ నీ రూమ్మేటూ బ్యాంకాక్ నుంచి మలేషియాలోని పెనాంగ్‌కి రైల్లోనే వెళ్తామని చెప్పినప్పుడు నేనేమీ అనలేదు. భయం లేక కాదు, 2018లో మీ నాన్నా నేనూ ఆ దారిలోనే వెళ్ళాం కాబట్టి. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది నీ స్టూడెంట్ వీసా. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా థాయ్‌లాండ్ దాటావంటే అది అక్కడితో రద్దయిపోతుంది. ఒకసారి వెళ్ళి రావడానికి పర్మిట్ 1,000 బాట్లు. రూపాయి రూపాయి లెక్కేసుకుంటున్నావని తెలుసు, కానీ పొదుపు ఇక్కడ మాత్రం వద్దు. నా స్నేహితురాలి కొడుకు నాలుగు రోజులే కదా అని పర్మిట్ లేకుండా వెళ్ళి, సెమిస్టర్ మధ్యలో కొత్త వీసా కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. సరిహద్దులో చూసుకుందాంలే అనుకోకు. బ్యాంకాక్‌లోనే తీసుకుని బయల్దేరు.

మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు, అంటే ఆ దేశంలో దిగేముందు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఫారం, ప్రయాణానికి మూడు రోజుల లోపే నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏ సైటైనా ఫీజు అడిగిందంటే అది ప్రభుత్వానిది కాదు, మూసెయ్.

రైల్లో కింది బెర్త్ తీసుకో. కాస్త ధర ఎక్కువే కానీ వెడల్పుగా ఉంటుంది, రాత్రంతా వెలిగే లైటు కూడా కళ్ళలో పడదు. తెల్లారాక హాట్‌యాయ్‌లో బండి కాసేపు ఆగుతుంది. అక్కడి కోడి వేపుడు తప్పకుండా కొనుక్కో. పైన ఎర్రగా వేయించిన చిన్న ఉల్లిపాయలు కరకరలాడుతూ ఉంటాయి. మీ నాన్న ఇప్పటికీ తలుచుకుంటారు.

సరిహద్దు స్టేషన్ పదాంగ్ బెసార్‌లో సామాన్లన్నీ పట్టుకుని దిగాలి. రెండు దేశాల కౌంటర్లూ ఆ స్టేషన్‌లోనే ఉంటాయి. ముందు థాయ్‌లాండ్ వాళ్ళు వెళ్తున్నట్టు స్టాంపు వేస్తారు, తర్వాత మలేషియా వాళ్ళు వచ్చినట్టు వేస్తారు. వెనక జనం తోస్తున్నా తొందరపడకు. పక్కకి జరిగి పేజీ తెరిచి, రెండు స్టాంపులూ ఉన్నాయా, తేదీ సరిగ్గా పడిందా చూసుకున్నాకే కదులు.

ఇక మేం చేసిన పొరపాటు. మలేషియా టైము థాయ్‌లాండ్ కంటే గంట ముందుంటుంది. మీ నాన్న వాచీలో థాయ్ టైమే ఉంది. పెనాంగ్ దీవికి ఫెర్రీ ఎక్కే ఊరు బటర్‌వర్త్. అక్కడికి వెళ్ళే బండికి ఇంకా 40 నిమిషాలుందని మేడ మీద కూర్చుని టీ తాగాం. కిందికి దిగేసరికి ప్లాట్‌ఫాం ఖాళీ. ఆయన వాచీ వంక, బోర్డు వంక మార్చి మార్చి చూస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడే బెంచీ మీది ముసలావిడ "ఏ ఊరు మీది?" అని తెలుగులో అడిగింది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్‌లో కొబ్బరి తోటల పనికి వచ్చాడట. ఆమె మాటలో "ఔ" అనడం మా అమ్మమ్మ అన్నట్టే ఉంది. తర్వాతి బండి దాకా మాతోనే కూర్చుని, బటర్‌వర్త్‌లో దిగాక ఫెర్రీకి ఎటు నడవాలో చెప్పింది. టాక్సీ అక్కర్లేదంది. నిజంగానే అక్కర్లేకపోయింది.

స్టాంపులు పడ్డాక ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు. మలేషియాలో తొమ్మిదైతే ఇక్కడ ఇండియాలో ఆరున్నర. లేచే ఉంటాను.

మీ అమ్మ