టైరు పెద్దదైంది, మీటరుకు ఎవరూ చెప్పలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో ఓవర్ స్పీడ్ చలాన్ల గురించి ఎప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, డ్రైవర్లు కూడా "అరవై దాటలేదు సార్, కావాలంటే మీటర్ చూడండి" అని మొత్తుకుంటూనే ఉంటారు. నేను నల్లగొండలో ఆటో ఎలక్ట్రికల్ పని చేసుకుంటాను. మీటర్లు, సెన్సార్లు, వైరింగ్ ఇదే నా రోజువారీ పని కాబట్టి ఒక మాట చెప్పగలను: అలా అనేవాళ్ళలో కొందరు నిజమే చెబుతున్నారు, ముల్లు అరవై దగ్గరే ఉంది, బండి మాత్రం దాటేసింది. పికప్‌కు పెద్ద టైర్లు వేయించి మీటర్ సంగతి పట్టించుకోని కొన్ని బండ్లది ఇదే కథ. దీని గురించి పేపర్లో ఎవరూ రాయరు, టైర్ షాపులో ఎవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం.

పెద్ద టైర్లు ఎందుకు వేయిస్తారంటే, బత్తాయి తోటల్లోకి, పత్తి చేలల్లోకి పోయే బండి వానాకాలం నల్లరేగడిలో దిగబడకూడదని కొందరు, బండి దిట్టంగా కనబడాలని ఇంకొందరు. నాకు తెలిసినంతలో రెండో రకమే ఎక్కువ, అయినా అడిగితే అందరూ మొదటి కారణమే చెబుతారు, అది వేరే సంగతి.

మీటరుకు రోడ్డు కనబడదు. గేర్ బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో, లేదంటే చక్రం దగ్గర సెన్సార్ ఎన్ని పల్సులు, అంటే కరెంటు సిగ్నళ్ళు, పంపిందో అదొక్కటే దానికి తెలుసు, దాన్ని కంపెనీ వేసిన టైరు చుట్టుకొలతతో హెచ్చవేసి స్పీడు, కిలోమీటర్లు చూపిస్తుంది. టైరు మారితే ఒక్క చుట్టుకు బండి పోయే దూరం పెరుగుతుంది కానీ మీటర్ లోపలి లెక్క పాతదే ఉంటుంది.

ఎంత తేడా వస్తుందో టైరు పక్కన రాసి ఉన్న అంకెలతోనే తెలిసిపోతుంది. 215/75 ఆర్ 15 అనుకుందాం. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. 15 అంటే టైరు ఎక్కే డిస్కు అడ్డుకొలత, అంగుళాల్లో, అంటే 381 మిల్లీమీటర్లు. పైన ఒక గోడ, కింద ఒక గోడ, మధ్యలో డిస్కు, మొత్తం కలిపితే టైరు ఎత్తు 703.5 మిల్లీమీటర్లు. దీని బదులు 235/75 ఆర్ 15 వేస్తే 733.5 అవుతుంది. అంటే 4 శాతం పైచిలుకు తేడా. మీటర్ లెక్కలో 60 అయితే బండి 62.5 మీద, 80 అయితే 83 దాటి పోతుంటుంది. మరి నేల నుంచి బండి ఎంత లేచిందయ్యా అంటే, ఎత్తు పెరిగిన 30 మిల్లీమీటర్లలో సగమే, ఒకటిన్నర సెంటీమీటరు. ఆ మాత్రం దానికే ఇంత తతంగం!

అదే 235/70 ఆర్ 15 అయితే ఎత్తు 710 మిల్లీమీటర్లు, తేడా ఒక శాతం కూడా రాదు. వెడల్పు కావాలనుకునేవాళ్ళు మధ్య అంకె తగ్గించి తీసుకుంటే మీటర్ దాదాపు అలాగే ఉంటుంది. ఇంత చిన్న సంగతి కౌంటర్ దగ్గర చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? డిస్కు వెడల్పుకు ఆ టైరు సరిపోతుందా, లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, పాత టైరు కంటే తగ్గలేదు కదా అన్నది మాత్రం తప్పక చూసుకోవాలి. లోడు మోసే బండికి ఇది షోకు వ్యవహారం కాదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పొరబడతారు. కంపెనీ నుంచి వచ్చిన మీటర్లు మామూలుగానే అసలు స్పీడు కంటే కాస్త ఎక్కువ చూపిస్తాయి, ఎందుకంటే స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని, కొంత ఎక్కువ చూపిస్తే పర్వాలేదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లోనే ఉంది. కాబట్టి మీటర్ మీద 60 ఉన్నప్పుడు అసలు స్పీడు 57 ఉండే బండికి పైన చెప్పిన పెద్ద టైరు వేస్తే అది 59 దాటుతుంది, ముల్లు ఇంచుమించు కరెక్ట్ అయిపోతుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూసి "అన్నా, నా మీటర్ బరాబర్ చూపిస్తోంది" అని సంబరపడేవాళ్ళు వీళ్ళే. కానీ ఆ ఎక్కువ చూపించడం ముల్లుకే. చాలా బండ్లలో కిలోమీటర్ల లెక్కకు ఆ వెసులుబాటు ఉండదు, అది చుట్లను ఉన్నదున్నట్టు లెక్కబెడుతుంది. ముల్లు సరిగ్గా ఉన్నట్టు కనబడుతూనే కిలోమీటర్లు తక్కువ పడుతుంటాయి. అసలు నష్టం ఇక్కడే.

కిలోమీటరు లెక్కన కిరాయికి తిరిగే బండి సంగతే తీసుకోండి. నల్లగొండ నుంచి బత్తాయి లోడుతో నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా బాటసింగారం మార్కెట్‌కు పోయి రావడం, అక్కడ ఇక్కడ తిరగడం అంతా కలిపి 200 కిలోమీటర్లు అనుకుంటే మీటర్ మీద పడేది 192. కిలోమీటరుకు 25 రూపాయలైతే ఒక్క ట్రిప్పుకు 200 రూపాయలు ఓనర్ చేతులారా వదులుకున్నట్టు. పైగా డీజిల్ లెక్క చూసుకుని "టైర్లు మార్చాక మైలేజ్ పడిపోయింది" అని మెకానిక్ మీద పడతారు. బరువైన టైరు వల్ల కొంత తగ్గే మాట నిజమే, కానీ పడిపోయిందనుకునే దాంట్లో నాలుగు శాతం మీటర్ మింగిందే. సర్వీసు కూడా అంతే, మీటర్ మీద 10,000 చూసి ఆయిల్ మార్చేవాళ్ళ బండి నిజానికి 10,400 దాటి ఉంటుంది.

ఇంకో విషయం. సరుకు రవాణా బండ్లకు 80 దగ్గర స్పీడ్ గవర్నర్, అంటే వేగం అంతకు మించకుండా ఆపే పరికరం, ఉంటుంది. అది కూడా అదే షాఫ్ట్ నుంచో అదే సెన్సార్ నుంచో లెక్క తీసుకుంటుంది కాబట్టి పెద్ద టైరుతో దాని 80 కూడా 80 కాదు. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సరుకు బండ్లకు నాలుగు లైన్ల హైవే మీద గరిష్ఠ వేగం 80, మామూలు రోడ్డు మీద 60. గవర్నర్ ఉంది కదా అని ధీమాగా తొక్కేవాడికి 65వ నంబర్ హైవే మీద స్పీడ్ గన్ చెప్పే అంకె వేరుగా ఉంటే వాడు ఎవరికి మొర పెట్టుకోవాలి?

మీ బండి సంగతి తెలుసుకోవడానికి నా లాంటి వాడి దగ్గరికి రావాల్సిన పని కూడా లేదు. నకిరేకల్ నుంచి సాగర్ పోయే 565వ నంబర్ హైవే మీద గానీ, జడ్చర్ల దాటాక 44వ నంబర్ హైవే మీద గానీ కిలోమీటరు రాళ్ళు సరిగ్గా ఉన్నచోట ఒక రాయి దగ్గర ట్రిప్ మీటర్ జీరో కొట్టి, ఇరవై కిలోమీటర్ల తర్వాతి రాయి దగ్గర చూడండి. 19.2 పడితే నాలుగు శాతం తేడా ఉన్నట్టే. ఒక్క కిలోమీటరుకే చూసి తేల్చకండి, రాళ్ళు కొన్నిచోట్ల అటూ ఇటూ పాతి ఉంటాయి. స్పీడు కోసమైతే జీపీఎస్ చాలు, కాకపోతే ఎత్తుపల్లాలు లేని తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు పక్కన కూర్చున్న మనిషి చూడాలి. యాక్సిలరేటర్ తొక్కుతున్నప్పుడు జీపీఎస్ ఎప్పుడూ వెనకే ఉంటుంది.

సరిచేయడం బండిని బట్టి ఉంటుంది. కేబుల్ మీటర్ ఉన్న పాత బండ్లలో గేర్ బాక్స్ దగ్గర కేబుల్ చివర చిన్న ప్లాస్టిక్ పళ్ళ చక్రం ఉంటుంది. టైరు పెద్దదైతే కేబుల్ కొంచెం వేగంగా తిరగాలి, అంటే ఆ చక్రానికి పళ్ళు తగ్గాలి, 24 పళ్ళ దాని బదులు 23 పళ్ళది దొరికితే పైన చెప్పిన తేడా దాదాపు సరిపోతుంది. సెన్సార్ బండ్లలో కొన్నింటికి స్కానర్ పెట్టి టైరు సైజు మార్చుకోవచ్చు, అది కుదరని వాటికి సెన్సార్‌కు, మీటర్‌కు మధ్య పల్సులను సరిచేసే చిన్న బాక్స్ పెడతారు. అయితే గవర్నర్ సీలు, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వైర్లు ముట్టుకునేవాడి దగ్గరికి మాత్రం పోవద్దు. ఏబీఎస్ నాలుగు చక్రాల వేగాన్ని పోల్చి చూసుకుంటుంది కాబట్టి ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వేసి మీటర్ సరిచేయమంటే నేనైతే చేయను.

మీటర్ పని అనగానే జనం "సెకండ్ హ్యాండ్ బండి, మీటర్ మీద ఓ యాభై వేల కిలోమీటర్లు తగ్గిస్తావా" అని అడుగుతారు. వెనక్కి తిప్పడం మోసం. నేను చెప్పేది తక్కువ పడుతున్న మీటర్‌ను ఉన్నంత చూపించేలా చేయడం. బిల్లు మీద పాత సైజు, కొత్త సైజు, మీటర్ రీడింగ్, తేదీ రాయించుకుంటే రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించడానికి ఉంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. బండి కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి అదే మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న సైజుల్లోనే వేయించుకోవడం మంచిది, దాటితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు కొర్రీ పెట్టడానికి మనమే దారి చూపించినట్టు. మీటర్ సరిచేయించినంత మాత్రాన ఆ టైరు చట్టబద్ధం అయిపోదు. లోడుతో మన్ననూరు ఘాట్ ఎక్కే బండి అయితే ఇంకా ఆలోచించాలి, టైరు పెరిగితే గేర్లన్నీ బరువెక్కినట్టే, క్లచ్ మీద పడుతుంది.

మా జిల్లా రవాణా శాఖ అధికారులకు మీ పేపర్ ద్వారా నా విన్నపం ఒక్కటే. రవాణా బండ్లు ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు వస్తాయి కదా, అప్పుడు టైరు మీది సైజును ఆర్సీతో పోల్చి చూడండి, తేడా ఉంటే మీటర్ ఎంత తప్పు చూపిస్తోందో ఓనర్‌కు కాగితం మీద రాసివ్వండి. టైర్ షాపుల వాళ్ళకు కూడా సైజు మార్చి అమ్మినప్పుడు బిల్లులో తేడా శాతం రాయాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. లెక్క రాదంటే మా షాపుకు పంపండి, ఊరికే నేర్పిస్తాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
నల్లగొండ